నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సీ అనిమోనీల పెంపకం

సీ అనిమోనీ పువ్వులా కనిపించే సముద్ర జంతువు. పగడాలకూ జెల్లీఫిష్‌కూ దగ్గరి చుట్టం. పాదంతో రాయిని కరచుకుని ఉంటుంది. నోటి చుట్టూ ఉండే స్పర్శకాలతో చిన్న చేపలను, రొయ్యలను కుట్టి తింటుంది. ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియాలకు బాగా అలవాటు పడేది ఎంటక్మియా క్వాడ్రికలర్ అనే బబుల్ టిప్ రకం. కార్పెట్ రకాలు చూడముచ్చటగా ఉన్నా తోటి చేపలను మింగేస్తాయి. కొత్తవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఈ ప్రాంతంలో అందరూ ముందుగా అడిగేది ఫ్లోరైడ్ గురించే. నల్లగొండ బోరు నీళ్లకు ఆ పేరు అలా పడిపోయింది మరి. అయితే సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. తాగునీటికి మన దేశంలో అనుమతించిన గరిష్ఠ పరిమితి 1.5. బోరు నీటితో అసలు చిక్కు నైట్రేట్, సిలికా, గట్టిదనం. నైట్రేట్, సిలికా నాచును పెంచుతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ మనుషుల కోసం 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది ఉప్పును గానీ నైట్రేట్‌ను గానీ తీయదు కాబట్టి అక్వేరియానికి పనికిరాదు. వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లను కూడా టీడీఎస్ మీటరుతో చూశాకే వాడాలి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి రీడింగ్ సున్నాకు దగ్గరగా తెచ్చాకే సముద్రపు ఉప్పు కలపాలి. సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.

రెండో సమస్య ఎండ. అనిమోనీకి 24–27 డిగ్రీలు కావాలి. ఇక్కడ మే నెలలో బయట 44 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. ఒక విషయంలో మాత్రం ఈ మెట్ట ప్రాంతానిది పైచేయి: గాలి పొడిగా ఉంటుంది. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. విశాఖ ఉక్కపోతలో ఈ ఉపాయం అంతగా పారదు. అదే గదిలో ఎయిర్ కూలర్ పెడితే తేమ పెరిగి ఫ్యాను ఫలితం తగ్గిపోతుంది. నడివేసవిలో నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఏసీయో తప్పదు. ఆవిరైపోయింది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు రోజూ ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి.

రంగుకు మూలం దాని కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు, మెరిసే ప్రొటీన్లు. వెలుగు చాలకపోయినా, నీళ్లు వేడెక్కినా శైవలాలు వెళ్లిపోయి అనిమోనీ తెల్లబడుతుంది. అంగడిలో ‘అరుదైన తెల్ల రకం’ అని చూపేవి చాలాసార్లు ఇలా ఆకలితో ఉన్నవే. కొన్నింటికి రంగు కూడా వేస్తారు. నీలి కాంతి ఎక్కువగా ఉండే ఎల్‌ఈడీ దీపాన్ని తక్కువ వెలుగుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ పోవాలి. వారానికి ఒకటి రెండుసార్లు గోరంత రొయ్య ముక్క పెడితే చాలు.

తొట్టి కనీసం ఆరు నెలలు నడిచాకే అనిమోనీని తేవాలి. చోటు నచ్చకపోతే అది పాకుతుంది, పంపులో ఇరుక్కుంటుంది. అందుకే పంపు మూతికి జాలీ కట్టాలి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఆదుకుంటుంది. చేపల మందుల్లోని రాగి దీనికి విషం. నోరు తెరుచుకుని, వాలిపోయి, దుర్వాసన వస్తే వెంటనే తీసేయాలి, లేకపోతే తొట్టి మొత్తం పాడవుతుంది. బాగా చూసుకుంటే మాత్రం ఆయుష్షుకు లోటుండదు: స్కాట్లాండ్‌లో 1828లో సేకరించిన ఒక అనిమోనీ 1887 దాకా గాజు జాడీలో బతికింది.

రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి వాటిని కొని పెంచకూడదు. బదులుగా ఎండు రాళ్లతో, కృత్రిమ రాళ్లతో తొట్టి కట్టుకోవాలి. బబుల్ టిప్ తనంతట తానే రెండుగా చీలి పెరుగుతుంది. సముద్రం నుంచి పట్టి తెచ్చినదాని కన్నా అలా మరో తొట్టిలో పుట్టిన పిల్లను పాదం చిరగకుండా ఉందో లేదో చూసి తెచ్చుకోవడం నయం.