పురాణగాథలు: ప్రయోజనము, పరిశీలనము

పురాణగాథ నిజముగ జరిగినదా, లేదా అను ప్రశ్నతోనే తృప్తిపడు విమర్శకునకు దాని ప్రయోజనము బోధపడదు. ఆ గాథను ఎవరు చెప్పుచున్నారు, ఎవరికి చెప్పుచున్నారు, ఏ ఘట్టమును పెంచి చెప్పుచున్నారు అనునవి కూడ విచారింపవలసిన విషయములు.

నేటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఇందుకు తగిన నిదర్శనము. సోవియట్ దేశపు సహాయముతో వెలసిన అచ్చటి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు కొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. యంత్రములు వచ్చినచోట ప్రాచీనగాథలు నశించుననుట పలువురి యూహ. కాని ఆ పట్టణమునకు చేరువనున్న గనియారి గ్రామమున జన్మించిన తీజన్ బాయి భారతకథలు పాడి దేశవిదేశముల ఖ్యాతి గడించెను. ఆ కర్మాగారమునందే ఉద్యోగమును చేసెను. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ లభించెను.

ఆమె పాడినది పండవానీ. తెలుగువారి బుర్రకథకు ఇది దగ్గరి చుట్టము. కథకుని చేతిలో తంబూర యుండును; ఊకొట్టుచు, నడుమ నడుమ ప్రశ్నలు వేయుచు కథ నడిపించు సహచరుని అచ్చట ‘రాగి’ యందురు, ఇచ్చట ‘వంత’ యందురు. పండవానీలో రెండు పద్ధతులు కలవు. వేదమతి పద్ధతిలో గాయకుడు కూర్చుండి గ్రంథమును అనుసరించి పాడును. ఝాడూరామ్ దేవాంగన్ ఇందు ప్రసిద్ధుడు. కాపాలిక పద్ధతిలో గాయకుడు నిలిచి అభినయించును. గ్రంథమున లేని జానపదగాథలను సైతము కలుపుకొనును.

స్త్రీలు కూర్చుండి మాత్రమే పాడు ఆచారమున్న దినములలో తీజన్ బాయి లేచి నిలిచి పాడెను. పాడినందులకు ఆమెను కులమువారు వెలివేసిరి. ఆమె చేతి తంబూరయే భీముని గదగను, అర్జునుని ధనుస్సుగను మారెడిది. ఆమె గానము చేసిన ఘట్టములలో దుశ్శాసనవధ మిక్కిలి ప్రసిద్ధము. నిండుసభలో అవమానితయైన ద్రౌపది కథను, వెలికి గురియైన స్త్రీయే నిలిచి పాడునప్పుడు, అది గతించిన యుగపు వృత్తాంతముగ మాత్రమే వినబడదు.

పురాణగాథ సమాజపు కట్టుబాట్లకు ప్రమాణపత్రము వంటిదని మలినౌస్కి 1926లో ప్రతిపాదించెను. ఆ మాట చాలవరకు సత్యమే. కాని భిలాయి నిదర్శనము దానికి ఒక సవరణ చేర్చుచున్నది: కట్టుబాటును నిలబెట్టు గాథయే, గొంతు మారినప్పుడు, కట్టుబాటును ప్రశ్నింపగలదు.

వెరియర్ ఎల్విన్ వంటివారు మధ్యభారతపు గాథలను సేకరించి 1949లో గ్రంథస్థము చేసిన కృషి అమూల్యము. అయినను అచ్చుపుటలో కథ నిలుచును గాని, రాగి వేసిన ప్రశ్న, శ్రోతల మౌనము, గాయని నిలిచిన తీరు నిలువవు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలు కూడ వ్యాసుని మాటకు మాట తెనిగింపలేదు. తమ కాలపు శ్రోతలకు తగినట్లు భారతమును తిరిగి చెప్పిరి. కావున పురాణమును అభ్యసించువాడు మూలమును ఎంత శ్రద్ధతో చదువునో, దానిని తిరిగి చెప్పినవారిని సైతము అంత శ్రద్ధతో వినవలెను.