సూక్ష్మపోషక లోపాలు: తెలుగు నేలలో చరిత్ర

విటమిన్లు, ఖనిజ లవణాలు తగినంత అందకపోవడం వల్ల కలిగే అనారోగ్యాలను సూక్ష్మపోషక లోపాలు అంటారు. కడుపు నిండా తినేవారిలోనూ ఇవి ఉంటాయి. అందుకే కరువు మీద పడినంత దృష్టి వీటి మీద పడలేదు.

సర్కారుల్లో బెరిబెరి

తూర్పు తీరంలోని ఉత్తర సర్కారుల్లో కాళ్లు చచ్చుబడి, వాపులతో ప్రాణం తీసే బెరిబెరి గురించి వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లో మద్రాసులో గ్రంథం వెలువరించాడు. కారణం అప్పటికి తెలియదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెకారిసన్ ప్రారంభించిన పరిశోధన, 1935 తరువాత ఐక్రాయిడ్ నాయకత్వంలో సర్కారుల భోజనాన్ని పరిశీలించింది. మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో తవుడుతోపాటు బెరిబెరిని అడ్డుకునే థయామిన్ (విటమిన్ బి1) పోతోందని, ఉప్పుడు బియ్యంలో అది చాలావరకు నిలుస్తోందని తేలింది.

జొన్న నుంచి వరికి

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్నే ప్రధానాహారమైన దక్కను పేదల్లో కనిపించే పెల్లాగ్రా అనే నయాసిన్ లోప వ్యాధికి జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య ప్రతిపాదించారు.

అప్పటి కృష్ణా జిల్లాలోని ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట కూడా జొన్న తిన్న నేలే. ముక్త్యాల జమీందారు పట్టుబట్టి సాధించిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువలకు 1967లో నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో ఈ మెట్టలో వరి పెరిగింది, అన్నం దొరికింది. అయితే 100 గ్రాముల జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, పాలిష్ బియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా లేదు. పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు లేని పళ్లెంలో ఈ లోటు పూడదు.

నివారణ కార్యక్రమాలు

శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి హిమాచల్ కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్ (గొంతువాపు) తగ్గుతుందని నిరూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రేచీకటి, అంధత్వం నివారించడానికి పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే పద్ధతిని హైదరాబాదు సంస్థ పరీక్షించింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. అదే ఏడాది గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల పంపిణీ ఆరంభమైంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో సంశ్లేషించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా ఔషధ సంస్థ లెడర్లీ బృందమే.

నేటి స్థితి

బెరిబెరి, పెల్లాగ్రా అరుదయ్యాయి. రక్తహీనత మాత్రం తగ్గలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, అయిదేళ్లలోపు పిల్లలలో 63.2 శాతం రక్తహీనులు. 2015–16లో పిల్లలలో ఇది 58.6 శాతమే. నీరసం, ఆయాసం మామూలేనని ఇంట్లో సరిపెట్టుకోవడంతో చాలామందికి పరీక్ష కూడా జరగదు.

ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యాన్ని ఇటీవలి సంవత్సరాల్లో రేషన్ దుకాణాల ద్వారా పంపిణీ చేశారు. మాత్ర, ఉప్పు, బియ్యం ప్రాణాలు కాపాడే సాధనాలే. అయినా రెండు శతాబ్దాల అనుభవం చెప్పేది ఒక్కటే: ప్రధానాహారం మారిన ప్రతిసారీ ఆ మార్పులో ఏ పోషకం జారిపోయిందో ప్రభుత్వం కొలిచి చూడాలి. అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం, రేషన్‌లలో పప్పు, గుడ్డు, చిరుధాన్యం అందించడం ఆ బాధ్యతలో భాగం.