అక్షరాల రంగులు, ఒక మనిషి మాట

నల్లసిరాతో అచ్చయిన అక్షరం మనకు నల్లగానే ఉంటుంది. కొందరికి మాత్రం, ఆ నలుపు తెలుస్తూనే, ఒక్కొక్క అక్షరం వెంట ఒక్కొక్క రంగు తోస్తుంది. ఇంకొందరికి స్వరం వింటే రంగు తోస్తుంది. సినెస్తీషియా అనే ఈ స్థితిని ఇక్కడికి ఇంద్రియ సమ్మేళనం అనుకుందాం. ఇది వ్యాధి కాదు. దీని చరిత్ర చదువుతుంటే నన్ను వెంటాడిన ప్రశ్న వేరు: తన లోపలి అనుభవాన్ని గురించి ఒక మనిషి చెప్పిన మాటను లోకం ఎప్పుడు నమ్ముతుంది?

1812లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గేయోర్గ్ జాక్స్ అనే యువ వైద్యుడు లాటిన్‌లో ఒక సిద్ధాంత వ్యాసం వెలువరించాడు. తనకూ, తన చెల్లెలికీ పుట్టుకతోనే ఒంటికి, జుట్టుకు రంగు లేకపోవడం అందులోని ముఖ్య విషయం. ఆ ప్రస్తావనల నడుమనే తనకు అక్షరాలు, అంకెలు, స్వరాలు, వారాల పేర్లు రంగులతో తోస్తాయని రాసుకున్నాడు. ఈ స్థితికి మనకు దక్కిన తొలి స్పష్టమైన వర్ణన అదే. రెండేళ్ళకే, 1814లో, ఆయన కన్నుమూశాడు.

1880ల్లో ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇటువంటి సాక్ష్యాలెన్నో సేకరించి, ఇది కుటుంబాల్లో వంశానుగతంగా వస్తుందని గమనించాడు. కాని ఇరవయ్యో శతాబ్దంలో, పైకి కనబడే ప్రవర్తనే శాస్త్రానికి తగిన విషయమన్న వాదం బలపడింది. లోపలి రంగుల మాట దశాబ్దాల పాటు మరుగున పడింది.

1987లో సైమన్ బారన్-కోహెన్ బృందం ఒక మహిళను పరీక్షించింది. పదాలు వినిపించి, తోచిన రంగులు చెప్పించుకున్నారు. వారాలు గడిచాక, ముందు చెప్పకుండా, మళ్ళీ అడిగారు. అవే రంగులు వచ్చాయి. కల్పించి చెప్పేవారికి అది చాలా కష్టం. ఆమె మాట నిలబడింది.

ఆ తరువాత యంత్రాలు వచ్చాయి. 2002లో లండన్ పరిశోధకులు, ఈ స్థితి ఉన్నవారు మాటలు వింటున్నప్పుడు మెదడులో రంగును గుర్తించే భాగం చురుకవుతుందని ప్రకటించారు. 2007లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రోమ్కె రౌ, స్టీవెన్ స్కోల్టె అక్షరాలకు రంగులు తోచే పద్ధెనిమిది మందిని, అంతే సంఖ్యలో ఇతరులతో పోల్చారు. మెదడులో నీటి అణువులు ఏ దిశగా కదులుతున్నాయో కొలిచి నరాల తంతువుల అమరికను అంచనా కట్టే పద్ధతి అది. కణతల వెనుక ఉండే భాగపు అడుగున, వీరిలో తంతువుల అనుసంధానం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇక రహస్యం వీడినట్లే అనిపించింది.

కాని 2015లో ఫ్రాన్సుకు చెందిన యుపే, దోజా అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ తిరిగి తూచారు. చాలావాటిలో పరిశీలించినవారి సంఖ్య తక్కువ. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. మెదడు నిర్మాణంలో ఫలానా తేడా ఉందని రుజువు కాలేదన్నారు.

అయితే జాక్స్ అబద్ధమాడినట్లా? కాదు. చిత్రం తప్పయితే తప్పు కావచ్చు. అనుభవం ఉన్నదన్న సంగతి చిత్రంతో ముడిపడి లేదు. అది నిలిచింది మారని మాట మీద. మెదడు బొమ్మ చూపిస్తే తప్ప మనిషి మాట నమ్మని అలవాటు మనలో పెరుగుతున్న ఈ కాలంలో, ఆ సంగతి గుర్తుంచుకోదగినదని నాకనిపిస్తుంది.