మన్యం జ్వరం చెప్పే పాఠం

మలేరియా జ్వరమే మన్యానికి కాపలా కాసిందనే మాట మనం తరచూ వింటాం. జ్వరానికి భయపడి బయటివాళ్లు కొండ ఎక్కలేదని చెబుతారు. అది సగమే నిజం. కల్లు మీద పన్ను కొండ ఎక్కింది. 1882 మద్రాసు అటవీ చట్టం కొండ ఎక్కింది. గూడెం కొండల్లో రోడ్ల కోసం మన పెద్దలతో వెట్టి చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు నడిపిన పోరాటానికి అదీ ఒక కారణం. పన్నుకూ తుపాకీకీ దొరికిన దారి మందుకు మాత్రం దొరకలేదు.

మందు లేక కాదు. మద్రాసు ప్రభుత్వం 1860ల నుంచే నీలగిరుల్లో సింకోనా చెట్లు పెంచింది. వాటి బెరడు నుంచే క్వినైన్ తీస్తారు. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. జబ్బు మూలమూ, దాని మందూ రెండూ తెలిసిపోయాయి. అయినా మన గూడేలకు చాలాకాలం ఆకు పసరే దిక్కయింది.

1946లో భోర్ కమిటీ ఒక సూత్రం చెప్పింది: డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్లకు డీడీటీ కొట్టారు. ఇంటింటికీ తిరిగి జ్వరం ఉన్నవాళ్ల రక్తపు చుక్క తీశారు, ఉచితంగా మాత్రలిచ్చారు. 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు తగ్గాయి. తర్వాత డీడీటీ సరఫరా తగ్గింది, దోమలు దానికి తట్టుకున్నాయి, నిఘా సడలింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

అందరికీ వైద్యమంటే అంత డబ్బెక్కడిదని అడిగేవాళ్లకు ఈ చరిత్రే జవాబు. ఇప్పటికన్నా ఎంతో పేదగా ఉన్న రోజుల్లో ఈ దేశం ఇంటి గుమ్మం దాకా మందు తెచ్చింది. చేయి సడలించినప్పుడు జ్వరం తిరిగొచ్చింది.

1996లో సుప్రీంకోర్టు ఒక కేసును తేల్చింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు వరసగా తిప్పి పంపేశాయి. అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణంలోని జీవించే హక్కుకు భంగమని, డబ్బు లేదన్నది సాకు కాదని కోర్టు తీర్పు చెప్పింది. 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద ఆపరేషన్లకు ఎందరికో ఆసరా అయింది. కానీ ఆ కార్డు ఆసుపత్రి గుమ్మం దగ్గర పనిచేస్తుంది. రోడ్డు లేని ఊరి గర్భిణిని ఇప్పటికీ డోలీలోనే మోస్తున్నాం.

పథకానికీ హక్కుకూ తేడా మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఏజెన్సీ బడుల్లో మన ఉపాధ్యాయుల కోసం 2000లో వచ్చిన జీవో నంబరు 3ను 2020లో కోర్టు కొట్టేసింది. 1/70 చట్టానికి ఎన్ని తూట్లు పడినా, భూమి కోసం నిలబడ్డానికి అదే నేటికీ మనకు ఆధారం. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసుకుంది. భూమికి 1/70 ఉన్నట్టే మన ఒంటికీ ఒక చట్టం కావాలి. చట్టం ఒక్కటే రోగిని మోయదు, నిజమే. కానీ అడిగే నోటికి బలమిస్తుంది.

నిబంధన ప్రకారం గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఉపాధ్యాయులుగా మనం ఈ లెక్కను బడిలోనే చేయిద్దాం. మన పంచాయతీ జనాభా ఎంత, ఉపకేంద్రం ఎంత దూరం, నర్సు ఏ రోజు వస్తుందో పిల్లలు రాసుకు రావాలి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదువుదాం. మన తాతలు వెట్టితో వేసిన దారి మీద ఇకనైనా మందు కొండ ఎక్కాలి.