పాత ఫోర్డ్ ట్రాక్టర్లలో నిప్పురవ్వ చరిత్ర

అమెరికాలో హెన్రీ ఫోర్డ్, ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ కుదుర్చుకున్న ఒప్పందం వల్ల 1939లో వెలువడిన 9ఎన్ ట్రాక్టరు, 1942లో వచ్చిన 2ఎన్, 1947 నుంచి 1952 వరకు 5 లక్షలకు పైగా తయారైన 8ఎన్ పెట్రోలుతో నడిచే యంత్రాలు. డీజిలు ఇంజనులో అదిమిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది గాని, పెట్రోలు ఇంజనుకు సరైన క్షణంలో విద్యుత్ నిప్పురవ్వ కావాలి. తెలుగు నేలమీద తిరిగే ట్రాక్టర్లు దాదాపు అన్నీ డీజిలువే కనుక ఈ సంగతి ఇక్కడి ట్రాక్టరు మెకానిక్కులకు దూరమైనా, పాత స్కూటర్ల పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది సరిచేసిన వారికి మాత్రం బాగా తెలిసినదే.

అంతకుముందు 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకు బ్యాటరీ అవసరం లేకుండా, ఫ్లైవీలులోని అయస్కాంతాలతో కరెంటు పుట్టించే మాగ్నెటో ఉండేది. 9ఎన్ నాటికి చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ పద్ధతి స్థిరపడింది. ఇందులో బ్యాటరీ కరెంటు కాయిలులోని తొలి చుట్ట గుండా పారి అయస్కాంత క్షేత్రాన్ని కూడగడుతుంది. పాయింట్లు, అంటే ఇంజనుతోపాటు తెరచుకుంటూ మూసుకునే చిన్న లోహపు కొసలు, విడిపోగానే ఆ క్షేత్రం కూలి, ఎన్నో రెట్లు ఎక్కువ చుట్లున్న రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి స్పార్క్ ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే పాయింట్లు 4,000 సార్లు తెరచుకోవాలి కనుక అవి అరిగిపోవడం సహజమే. తొలి 8ఎన్‌లలో పాయింట్లుండే డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందు, ఫ్యాను వెనుక ఇరుకున ఉండి, కాయిలు దాని నెత్తిమీదే కూర్చునేది కాబట్టి పాయింట్ల పని చేతులకు పరీక్షగా ఉండేది. 1950లో దాన్ని పక్కకు మార్చడం రైతుకు నిజమైన మేలు.

బ్యాటరీ పద్ధతి ఉన్న ఈ ఎన్ ట్రాక్టర్లు 6 వోల్టుల బ్యాటరీతో, ధన ధ్రువాన్ని ఇంజను లోహానికి కలిపి నడిచేవి. కాయిలుకు ముందున్న బలాస్ట్ అనే నిరోధకం కరెంటును అదుపులో ఉంచేది. కాలక్రమంలో యజమానులు 12 వోల్టుల బ్యాటరీ, ఆల్టర్నేటరు పెట్టుకుని, ఋణ ధ్రువాన్ని లోహానికి కలిపారు. పాత కాయిలును అలాగే వదిలేసిన చోట చిక్కు మొదలైంది. బలాస్ట్‌ను పక్కన పెట్టి చూస్తే, తొలి చుట్ట నిరోధం 1.5 ఓములు ఉంటే 6 వోల్టులకు 4 ఆంపియర్లు పారుతాయి. 12 వోల్టులకు 8 ఆంపియర్లు పారి వేడి నాలుగింతలవుతుంది. 3 ఓముల కాయిలు పెడితే కరెంటు మళ్లీ 4 ఆంపియర్లకే దిగుతుంది.

1970లలో అమెరికన్ కార్లలో వ్యాపించిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో పాయింట్ల పనిని ట్రాన్సిస్టరు చేస్తుంది. పాత ట్రాక్టర్లకు అమర్చే కిట్లు చాలావాటిలో డిస్ట్రిబ్యూటరు ఇరుసుపై తిరిగే అయస్కాంతాన్ని ఒక సెన్సరు గుర్తిస్తుంది. అది 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రం మీద ఆధారపడుతుంది. పాయింట్లు ఎక్కువ కరెంటుకు కొంతకాలం ఓర్చుకుని మెల్లగా కాలిపోయేవి గాని, ట్రాన్సిస్టరుకు ఆ ఓర్పు లేదు: తక్కువ నిరోధమున్న కాయిలు, తారుమారైన ధ్రువం, ఇంజను ఆగాక కూడా ఆన్‌లో వదిలిన తాళం, వీటిలో ఏదైనా దాన్ని పాడుచేయగలదు.

కాబట్టి కాయిలుపై 12 వోల్టులని రాసి ఉండటం ఒక్కటే చాలదు. తీగలు విప్పి దాని తొలి చుట్ట నిరోధాన్ని మీటరుతో కొలిచి, ఆ సంఖ్య కిట్టు తయారీదారు చెప్పిన హద్దుకు తగ్గకుండా ఉన్నదో లేదో చూసిన తరువాతే కాయిలును, కిట్టును కలపాలి.