సరిహద్దు పల్లెల్లో చక్కెర జబ్బు: ముందుచూపే మందు

మధుమేహాన్ని తెలుగువారు చక్కెర జబ్బు అనీ, కన్నడిగులు సక్కరె కాయిలె అనీ పిలుస్తారు. రెండు భాషలూ ఒకే ఇంట వినిపించే బళ్లారి సరిహద్దు గ్రామాలలో ‘షుగరు’ అనే ఒక్క మాట అందరికీ అర్థమవుతుంది. అయితే పేరు తెలిసినంతగా వ్యాధి స్వభావం తెలియదు. కాలికి పుండు పడి మానకపోయినప్పుడో, చూపు మసకబారినప్పుడో ఆసుపత్రికి వెళ్లి, తమకు మధుమేహం ఉన్నదని అక్కడే తొలిసారి తెలుసుకొనేవారు ఎందరో ఉన్నారు. అప్పటికే ఆ వ్యాధి ఏళ్ల తరబడి శరీరంలో నిశ్శబ్దంగా తన పని తాను చేసుకొనిపోయి ఉంటుంది. కనుక లక్షణాలు కనిపించేవరకు వేచి ఉండడమే ఈ వ్యాధి విషయంలో పెద్ద ప్రమాదం.

వ్యాధి స్వరూపం

తిన్న అన్నం, రొట్టె, సంకటి జీర్ణమై గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెర కండరాలకు, ఇతర కణాలకు అందాలంటే క్లోమగ్రంథి స్రవించే ఇన్సులిన్ అనే హార్మోను అవసరం. ఇన్సులిన్ ఉత్పత్తి కాకపోయినా, ఉత్పత్తి అయినది సరిగా పనిచేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అదే మధుమేహం.

ఇది ముఖ్యంగా రెండు విధాలు. మొదటి రకం ఎక్కువగా బాల్యంలో, యౌవనంలో వస్తుంది. వీరికి ఇన్సులినే ప్రాణాధారం; ఏ కారణం చేతనైనా దానిని మానరాదు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో ఫ్రెడరిక్ బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసేవరకు ఇట్టి పిల్లలు బ్రతికే మార్గమే లేకుండెను. బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా పాటించడం 1991లో మొదలైంది. రెండవ రకం పెద్దలలో సర్వసాధారణంగా కనిపించేది. నివారించగలిగినదీ, వాయిదా వేయగలిగినదీ ఈ రెండవ రకమే. ఇవి గాక గర్భిణులలో కనిపించే మధుమేహం కూడా ఉన్నది.

ఈ నేలలో మార్పు

తుంగభద్ర ఆనకట్టకు ముందు బళ్లారి ప్రాంతం ప్రధానంగా మెట్ట సేద్యపు నేల. జొన్న, కొర్ర ఇక్కడి ప్రధాన ఆహారపు పంటలు. 1876-78 నాటి ఘోర క్షామం ఈ జిల్లాను తీవ్రంగా పీడించింది. 1953లో బళ్లారి నాటి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆనకట్ట నిర్మాణం పూర్తయి కాలువల నీరు పారడంతో సిరుగుప్ప, కంప్లి ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. సరిహద్దుకు ఆవల 1983లో కిలో రెండు రూపాయల బియ్యం, ఈవల 2013లో అన్నభాగ్య బియ్యం పేద ఇంటికి చేరాయి. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు.

అయితే మూడు పూటలా తెల్లని పాలిష్ బియ్యమే తినే అలవాటు కూడా దానితోపాటే వచ్చింది. తవుడు పోయిన బియ్యంలో పీచు తక్కువ. అది త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. మరొకవైపు ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చి కాయకష్టం తగ్గింది. తిండి మారి, శ్రమ తగ్గిన చోట మధుమేహం ప్రవేశించడంలో ఆశ్చర్యం లేదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇది పట్టణవాసుల జబ్బు, ధనికుల జబ్బు అనే భావన ఇక చెల్లదు.

ఎవరు, ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి?

30 ఏళ్లు దాటిన ప్రతివారూ, ఏ బాధా లేకపోయినా, పరీక్ష చేయించుకోవాలి. తల్లిదండ్రులలో ఒకరికైనా మధుమేహం ఉన్నవారు, నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటినవారు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర కనిపించిన స్త్రీలు మరింత జాగ్రత్త వహించాలి. గర్భిణులు తొలి పరీక్షతో సరిపెట్టక, 24 నుండి 28 వారాల మధ్య మరల చేయించుకోవాలి.

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం. 100 నుండి 125 వరకు ఉంటే వ్యాధి గడప వద్ద ఉన్నట్లు. 126 లేదా అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం, ఆపై ఉన్నా అంతే. వ్రేలికి సూది గుచ్చి చేసే పరీక్ష ఒక సూచన మాత్రమే. ప్రయోగశాల పరీక్షతో నిర్ధారించుకోవాలి. జాతీయ కార్యక్రమంలో భాగంగా ఉపకేంద్రాలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ తొలి పరీక్ష ఉచితం.

అతిదాహం, అతిమూత్రం, ఎంత తిన్నా తగ్గే బరువు, మానని పుండు, పాదాలలో తిమ్మిరి కనిపిస్తే వయసుతో పని లేక వెంటనే పరీక్ష అవసరం.

నివారణ సాధ్యమా?

సాధ్యమే. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం వ్యాధి అంచున ఉన్న 531 మందిపై అధ్యయనం జరిపి 2006లో ఫలితాలు ప్రకటించింది. మూడేళ్లలో, సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం మందికి మధుమేహం రాగా, ఆహారం, నడక క్రమబద్ధం చేసుకొన్నవారిలో 39 శాతం మందికే వచ్చింది.

ఇందుకు ఖరీదైన ఆహారం అక్కరలేదు. పూర్వులు తిన్న జొన్న రొట్టె, కొర్రన్నం తిరిగి పళ్లెంలోకి వస్తే మంచిది. అయితే వాటిలోనూ పిండిపదార్థం ఉన్నది; మితం తప్పరాదు. పలుచని రాగి అంబలి కంటె గట్టి రొట్టె నెమ్మదిగా జీర్ణమవుతుంది. పళ్లెంలో సగం కూర, ఆకుకూర, పావు భాగం పప్పు లేక గ్రుడ్డు, మిగిలిన పావు భాగమే అన్నమో రొట్టెయో ఉండాలి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఈ ప్రాంతపు ప్రీతిపాత్రమైన ఫలహారం. కాని బొరుగులూ బియ్యమే గనుక దానిని నిత్యం గాక ఎప్పుడో ఒకనాటికి ఉంచుకోవాలి. బెల్లం వాడితే దోషం లేదన్నది అపోహ. బెల్లమైనా, చక్కెరయైనా రక్తంలో చేరేది చక్కెరే.

రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు వేగంగా నడవాలి. పొగాకు విడనాడాలి.

రెండు రాష్ట్రాల వైద్యం, ఒకే పుస్తకం

సరిహద్దు కుటుంబాలకు ఒక ప్రత్యేక చిక్కు ఉన్నది. ఒకసారి బళ్లారిలో, మరొకసారి గుంతకల్లులోనో ఆదోనిలోనో వైద్యునికి చూపించుకొంటారు. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. రెండుచోట్ల ఇచ్చిన మాత్రలను వేర్వేరు మందులుగా భావించి కలిపి మింగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి ఇంటికొక నోటుపుస్తకం పెట్టి పరీక్షల తేదీలు, అంకెలు, మాత్రల పేర్లు అందులో వ్రాయించాలి. ఎక్కడికి వెళ్లినా ఆ పుస్తకాన్నీ, మాత్రల అట్టలనూ వైద్యునికి చూపాలి. చదువుకొనే పిల్లలు ఈ పని చేయగలరు.

మాత్ర వేసుకొని తినకుండా పొలానికి వెళ్లినవారికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కలిగితే అది చక్కెర పడిపోయిన గుర్తు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చాలి. ఫ్రిజ్ లేని ఇంట ఇన్సులిన్‌ను నీరు చేరని డబ్బాలో పెట్టి, తడిపిన మట్టికుండలో, నీడపట్టున ఉంచవచ్చు.

పాదమే ప్రమాద స్థానం

చాలా కాలం చక్కెర అధికంగా ఉంటే నరాలు మొద్దుబారుతాయి. ముల్లు గుచ్చుకొన్నా, వేసవిలో ఎండకు కాగిన బండపై కాలు కాలినా నొప్పి తెలియదు. ఆ చిన్న గాయమే కాలు తీసివేసే స్థితికి తేవచ్చు. మధుమేహులు చెప్పులు లేకుండా నడవరాదు. రాత్రివేళ పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్లను చూచుకోవాలి. ఏటా కళ్లను, మూత్రపిండాలను పరీక్షింపజేయాలి. చక్కెర అదుపులోకి వచ్చిందని, ఎవరో కషాయం ఇచ్చారని మందు మానరాదు. అదుపులో ఉన్నది ఆ మందు వల్లనే కావచ్చు.

ఇంటిలో ఒకరికి మధుమేహం ఉంటే వారికి వేరే వంట, మిగిలినవారికి వేరే వంట అవసరం లేదు. రోగికి మేలైన తిండి బిడ్డలకూ మేలైనదే. నేడు వారు తినే ముద్ద, నడిచే నడక రేపటి వారి రక్తపరీక్షను నిర్ణయిస్తాయి.