గంజి అయిపోయాక

మా అమ్మమ్మగారి వూరు ఒంగోలుకి పది పన్నెండు మైళ్ల దూరం. ఒంగోలు అనగానే అందరికీ గిత్తలు గుర్తొస్తాయిగానీ, నాకు మాత్రం అమ్మమ్మ తిట్లు గుర్తొస్తాయి. ఆకులో నాలుగు మెతుకులు వదిలితే చాలు, "ధాత కరువు చూసుంటే తెలిసేది మీకు!" అనేది. ఆవిడ మాత్రం ఎక్కడ చూసింది కనక! వాళ్ల అమ్మమ్మ చెప్పగా విన్నదే. ధాత కరువంటే పిల్లల్ని పట్టుకుపోయే బూచి కాబోలు అనుకునేదాన్ని నేను.

ఆ యింట్లో వడ్లు దంచి చెరిగే పనికి పల్లెనుంచి ఒకావిడ వచ్చేది. పెరట్లో వేపచెట్టు కింద కూచుని చెరుగుతుండేది. గడప దాటి లోపలికి వచ్చేది కాదు, రానిచ్చేవాళ్లూ కాదు. ఆ రోజులు అలాంటివి. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. అమ్మమ్మ పెరటి అరుగుమీద కూచుని, "ఈ ఏడు గింజ యింటికొచ్చేట్టు లేదే, ఏం తిని బతుకుతామో" అని నిట్టూర్చింది. ఆవిడ చెరగడం ఆపకుండానే "ప్రభువున్నాడు గదమ్మగారూ" అంది. అమ్మమ్మకి ఎందుకో చిర్రెత్తుకొచ్చింది.

"వున్నాడులే! మీ తాతలు గంజికోసం కలిసినవాళ్లేగా!"

"గంజి అయిపోయినాకే కలిశారంటమ్మగారూ" అంది ఆవిడ, చేటలో చూపు చేటలోనే వుంచి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. వాళ్లిద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకోడానికి నాకు మరో నలభై ఏళ్లు పట్టింది. పిల్లలు చేతికందొచ్చాక, తీరుబడిగా పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆ కరువు రోజుల్లో ఒంగోల్లో వున్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ జీవితకథ కంటబడింది. ఆయన చెబుతుంటే ఆయన రెండో భార్య ఎమ్మా రాసిపెట్టింది. ఆయన పోయాక 1914లో అచ్చయింది. ఈ ఎమ్మాగారే అంతకుముందు 1899లో మాదిగపల్లెల్లోని పెద్దవాళ్ల కథలు విని వేరే పుస్తకం రాసింది. చెప్పులు కుట్టుకుంటూ కూచున్నవాళ్ల పక్కన కూచుని వినాలనే ఆలోచన ఆ కాలంలో ఎంతమందికి వచ్చింది చెప్పండి!

ధాత అంటే బూచి కాదు, సంవత్సరం పేరు. 1876 ఉగాదితో మొదలైంది. ఆ ఏడు వానలు పడలేదు. తరవాత వచ్చిన ఈశ్వర నామ సంవత్సరమూ జనాన్ని ఏడిపించింది. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి, నైజాం ప్రాంతాలన్నీ కలిపి యాభై లక్షలమందికి పైగా పోయారని లెక్కలు కట్టారు. ఇంకా ఎక్కువే అనేవాళ్లూ వున్నారు. అయినా దేశంలోంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు! ఖర్చు అదుపులో పెట్టమని సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్దమనిషి, రోజంతా మట్టిపని చేసిన మగవాడికి ఒక పౌను గింజలూ ఒక అణా డబ్బులూ చాలన్నాడు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఇంకా తక్కువ. పౌను అంటే అరకిలో కూడా లేదు. పొద్దుటినుంచీ పార పట్టుకున్నవాడికి అది ఏ మూలకొస్తుందో వండి వడ్డించే మనకి తెలుసు, టెంపుల్ దొరకి తెలియదు. మద్రాసులో కార్నిష్ అనే డాక్టరు ఇది అన్యాయమని గట్టిగా పోట్లాడితే, తరవాత కాస్త పెంచారు.

అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో వుండేది. క్లౌ దంపతులు 1866లో అక్కడ కాపురం పెట్టారు. వాళ్లొచ్చిన కొత్తలో పెద్ద కులాలవాళ్లు తమ పిల్లలకి బడి పెట్టమని అడిగారు. అదే సమయంలో మాదిగపల్లెలనుంచి జనం మతంలో కలుస్తామని రాసాగారు. వాళ్లని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు వీళ్లు. ఎటూ తోచక భార్యాభర్తలు చెరో గదిలో కూచుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే చోటు తగిలిందట. లోకం చిన్నచూపు చూసినవాళ్లనే దేవుడు ఏరుకున్నాడని అర్థం వచ్చే చోటు. క్లౌ చెప్పిన మాటే ఇది. కాకతాళీయం అనేవాళ్లు అనొచ్చు. మా వారూ నేనూ చెరో గదిలో కూచుని ఒకే పేపర్లో ఒకే పేజీ తీసిన పాపాన ఏనాడూ పోలేదు. మొత్తానికి వాళ్లు పల్లెవైపే మొగ్గారు.

అయితే క్లౌ కంటే ముందు చెప్పుకోవలసింది ఎర్రగుంట్ల పేరయ్య గురించి. ఆయన తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. చాలాకాలం మనశ్శాంతికోసం వెతికి, ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో భార్యతోసహా బాప్తిస్మం తీసుకుని, వూరూరా తిరిగి తనవాళ్లకి చెప్పసాగాడు. కలిసినవాళ్లకి ముఖ్యమైన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం ముట్టకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

వినడానికి చిన్నవే. కానీ మాదిగవాడి బతుకంతా ఆ వూరితో ముడిపడి వుండేది. చెప్పులు కుట్టాలి, మోటబొక్కెనలు బాగుచెయ్యాలి, అమ్మవారి జాతరకి డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి పోవాలి. అందుకు కళ్లంలో ఇన్ని గింజలు కొలుస్తారు. ఆదివారం రాను, జాతరకి డప్పు కొట్టను అంటే వూరు వూరుకుంటుందా? గింజలు ఆగిపోయేవి. నీళ్లకి అడ్డం పడేవాళ్లు. దెబ్బలు సరేసరి. ఇదంతా కరువుకి ముందే, పదేళ్లపాటు జరిగింది. అయినా అప్పటికే వేలమంది కలిశారు. నేను ఇక్కడే పుస్తకం మూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. గంజికోసమే అయితే, వున్న గంజి పోగొట్టుకుని చేరడం ఎందుకు?

సరే, కరువు వచ్చింది. జనానికి కూలి దొరకాలని, కృష్ణా డెల్టాకీ మద్రాసుకీ మధ్య సముద్రం వెంబడి వున్న కాలవలని కలిపే పని సర్కారు తలపెట్టింది. అదే బకింగ్‌హాం కాలవ. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. క్లౌ మతబోధకుడు కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆ విద్య అక్కరకొచ్చింది. 1877లో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పాదిరీ కాంట్రాక్టరవడం ఏమిటని ఎవరైనా నవ్వారేమో తెలీదుగానీ, పల్లెలనుంచి జనం పిల్లాపాపల్తో వచ్చిపడ్డారు. ఆకులూ అలములూ నాగజెముడు పళ్లూ తిని, నడవడానికి కూడా ఓపిక లేనివాళ్లు.

పేరయ్యలాంటి బోధకుల్ని ఆయన మేస్త్రీలుగా పెట్టాడు. మేస్త్రీ అంటే కూలివాళ్లకి తిట్టేవాడని లెక్క. ఇక్కడ తట్టలు దింపి కూలబడ్డప్పుడు, ఆ మేస్త్రీలే వాళ్ల మధ్య కూచుని కష్టసుఖాలు మాట్లాడేవాళ్లు. భారం మోసి అలిసినవాళ్లని క్రీస్తు తన దగ్గరికి రమ్మన్నాడనే మాట మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు. నెత్తిన మట్టితట్ట వున్నవాళ్లకి ఆ మాటకి వేరే వ్యాఖ్యానం కావాలా?

వాళ్లలో చాలామంది కలుస్తామన్నారు. క్లౌ వద్దన్నాడు! ఆకలితో వున్నవాడి మాట పట్టుకోవడం న్యాయం కాదనుకున్నాడు. ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూన్‌లోగానీ ఆయన మనసు మారలేదు. ఆ ప్రాంతానికి రోమన్ కాథలిక్ గురువులు కూడా వచ్చారన్న కబురు అందుకు కొంత కారణమని తనే ఒప్పుకున్నాడు. మహాత్ముల చరిత్రల్లో ఇలాంటివి సాధారణంగా దాచేస్తారు, ఈయన దాచలేదు. అందుకే మిగతాదీ నమ్మబుద్ధి వేసింది నాకు.

జూలై మొదట్లో ఒంగోలుకి పది మైళ్ల ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం పోగయ్యారు. క్లౌ వాళ్లముందు నిలబడి, పంచడానికి తన దగ్గర డబ్బు మిగల్లేదని, అందుకోసం వచ్చినవాళ్లు వెళ్లిపొమ్మని చెప్పాడు. ఎవరూ కదల్లేదు. సాయం కోసం రాలేదన్నారు. కష్టపడి పని చేశామనడానికి అరచేతుల్లో బొబ్బలే సాక్ష్యమన్నారు. వచ్చే పంటా పోతే చచ్చిపోతాం, అలా పోయేదేదో క్రీస్తు మనుషులుగా పోనివ్వమన్నారు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్లెవరూ దేవుడు వాన కురిపిస్తాడని అనలేదు. కరువు మళ్లీ రాదన్న భ్రమా లేదు. చావు ఎప్పుడైనా రావచ్చు, వస్తే మాత్రం దిక్కులేనివాళ్లుగా పోకూడదు. వాళ్లు అడిగిన అభయం అంతవరకే. రేపటిమీద బెంగతో బీరువాలో పాస్‌బుక్కు పదిసార్లు తీసి చూసుకునే నాలాంటిదానికి ఆ ధైర్యం అంత సులువుగా అంతుపట్టలేదు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఆ నీళ్లలో మునిగి లేచారు. మూడోతేదీన తెల్లవారి మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, మళ్లీ పొద్దువాలేదాకా సుమారు తొమ్మిది గంటలు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున, అలిసినప్పుడు మార్చుకుంటూ. క్లౌ తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు, ఒడ్డున వుండి చూసుకున్నాడంతే. ఆ ఏడాది ఆఖరుకి మొత్తం తొమ్మిది వేలు దాటారు. ఈ లెక్కలు విని అమెరికాలోనూ చాలామంది ముక్కుమీద వేలేసుకున్నారు. ఇంతమందిలో ఎంతమందిది నిజమైన నమ్మకమని అనుమానించారు. అందరిదీ ఒకే గట్టిదనం అని నేనూ అనను. పెళ్లిపందిట్లో ప్రమాణం చేసిన జంటలన్నీ ఒకేలా కాపురం చేస్తున్నాయా?

అమ్మమ్మ మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. కరువులో పని ఇచ్చి, పక్కన కూచుని మాట్లాడినవాళ్లమీద గురి కుదరడం సహజం. కానీ తేదీలు చూస్తే చేట చెరిగినావిడ చెప్పిందే ఒప్పు. గంజి పోసిన రోజుల్లో కలవనివ్వలేదు. కలిసింది గంజి అయిపోయాకే.

ఇప్పుడు ఆ విషయం చెబుదామంటే ఇద్దరూ లేరు. ఆ ఏడు చివరికి వానలు పడ్డాయో లేదో కూడా నాకు జ్ఞాపకం లేదు. జ్ఞాపకం వున్నదల్లా ఆ సాయంత్రం. అమ్మమ్మ మాటాపలుకూ లేకుండా ఆవిడ కొంగులో నూకలు కొలిచి పోసింది. కొలిచాక ఒక్క క్షణం ఆగి, మళ్లీ సోల ముంచి ఇంకో సోలెడు పోసింది. ఆవిడ కొంగు ముడేసుకుని, "వస్తానమ్మగారూ" అని పల్లెదారి పట్టింది.